అల్మోరాలో అందరం కొత్తవాళ్లమే

ఇంగ్లండ్‌లో పెరుగుతున్న మా పిల్లలకు ఇండియా ప్రయాణమంటే సెలవులు కావు, మౌఖిక పరీక్షలు. దిగిన రోజే మొదలవుతాయి. "తెలుగు చదవడం వచ్చా?", "ఏదీ, ఒక శ్లోకం చెప్పు", "పెరుగన్నం చేత్తో తింటావా, స్పూన్ కావాలా?" అడిగేవాళ్లది ప్రేమే, కాదనను. కానీ మూడో ఇంటికి వెళ్లేసరికి పద్నాలుగేళ్ల మా పెద్దమ్మాయి ముఖం ముడుచుకుపోతుంది. తొమ్మిదేళ్ల చిన్నోడు మాత్రం ఏమడిగినా "కొంచెం కొంచెం" అనడం నేర్చుకున్నాడు. ఆ ఒక్క జవాబుతో శ్రీకాకుళం నుంచి సికింద్రాబాద్ దాకా నెట్టుకొస్తున్నాడు.

అందుకే ఈసారి ఈస్టర్ సెలవుల్లో చుట్టాల ఇళ్లకంటే ముందు ఉత్తరాఖండ్‌లోని కుమావోన్ కొండలకు వెళ్దామని నేనే పట్టుబట్టాను. మా అత్తగారికి నచ్చలేదు. "ఉండేదే నాలుగు రోజులు, ఆ కొండల్లో ఏముందమ్మా?" అన్నారు. ఏముందంటే, అక్కడ నాకూ మా ఆయనకూ ఏమీ తెలియదు. హిందీ అంతంతమాత్రం, దేవుళ్లు కొత్త, తిండి కొత్త. పిల్లల్ని పరీక్షించే అర్హత మాకే ఉండదు. ఇది ఆవిడకు ఫోన్లో ఎలా చెప్పాలో తెలియక, "చల్లగా ఉంటుందత్తయ్యా" అని ఊరుకున్నాను.

దారి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రైలు కాఠ్‌గోదాంతో ఆగిపోతుంది. అక్కడి నుంచి అల్మోరా వరకు మలుపులు, మధ్యలో కైంచీ ధామ్ ఆశ్రమం దగ్గర ట్రాఫిక్ జామ్, చిన్నోడికి వాంతులు. ప్లాస్టిక్ కవర్లు దండిగా పెట్టుకోండి, అంతే.

అల్మోరాకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో చితయి ఉంది. అక్కడి దేవుడు గోలు. కుమావోన్ వాళ్లకు న్యాయం చెప్పే దేవుడు, తెల్లగుర్రం మీద తిరుగుతాడంటారు. కోర్టులో తేలనివీ, కోర్టుదాకా పోలేనివీ కాగితం మీద రాసి ఆయన గుడిలో కట్టేస్తారు. కొందరైతే స్టాంపు పేపరు మీదే రాయిస్తారు. కోరిక తీరాక వచ్చి గంట కడతారు. ఎటు చూసినా గంటలే, మువ్వంతవి మొదలుకొని నేను ఎత్తలేనంతవి దాకా. గంటల మధ్య, గోడలకూ తీగలకూ వేలాడుతూ అర్జీలు. ఒకదాంట్లో భూమి తగాదా, ఇంకోదాంట్లో ఉద్యోగం. నాకొచ్చిన హిందీతో కూడబలుక్కుంటూ చదువుతున్నాను.

"అమ్మా, చదవకు. అవి వాళ్ల ప్రైవేట్ విషయాలు" అంది పెద్దమ్మాయి.

"దాచుకోవాలనుకుంటే ఇక్కడెందుకు కడతారే? నలుగురూ చూడాలనే కదా."

"దేవుడు చూడాలని. నువ్వు కాదు."

దీనికి నా దగ్గర జవాబు లేకపోలేదు. మా ఊళ్లల్లో రచ్చబండ దగ్గర గోడు చెప్పుకునేవాళ్లు నలుగురి ముందూ చెప్పుకున్నది సాక్ష్యం కోసమే. వినడానికి మనుషులు లేని ఫిర్యాదుకు బలం ఉండదు. ఆ మాటే దానికి చెప్పాను. అది ఒప్పుకోలేదు. నేను ఆసుపత్రిలో నర్సుని. బల్ల మీద ఎవరి ఫైలైనా తెరిచి ఉంటే మూసేసి గానీ కదలను. ఆ అలవాటే దీనికీ వచ్చింది, ఇంగ్లండ్ నుంచి కాదు, నా నుంచే. చదవడం ఆపాను. అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు.

ఈలోగా చిన్నోడు పెన్సిలు పట్టాడు. అక్క ఐప్యాడ్ ఇవ్వడం లేదని గోలు దేవుడికి ఇంగ్లీషులో ఫిర్యాదు. దేవుడికి ఇంగ్లీషు వచ్చా అన్నది వాడి టెన్షన్. గంటలమ్మే కొట్టు ఆయన్ని అడిగితే నవ్వి, "హైకోర్టు తీర్పులన్నీ ఇంగ్లీషులోనే కదా బేటా" అన్నాడు. వాడికి ధైర్యం వచ్చింది.

"ఇదంతా మూఢనమ్మకమా?" అని పెద్దమ్మాయి అడిగినప్పుడు చిలుకూరు కథ చెప్పక తప్పలేదు. హైదరాబాద్ దగ్గర బాలాజీ గుడిలో కోరిక కోరుకుని పదకొండు ప్రదక్షిణలు చేస్తారు, తీరితే నూట ఎనిమిది. విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు ఎక్కువగా వస్తారు కాబట్టి వీసా బాలాజీ అని పేరు. యూకే వీసాకు ముందు నేనూ తిరిగాను, వచ్చాక మొక్కూ తీర్చుకున్నాను. "అయితే నేను లివర్‌పూల్లో పుట్టింది నువ్వు రౌండ్లు కొట్టడం వల్లా?" అంది. నర్సింగ్ రిజిస్ట్రేషన్ వల్లే అన్నాను. "మరి తిరగడమెందుకు?" అంది. టెన్షన్ తగ్గడానికి అన్నాను. అది నాకూ పూర్తి జవాబుగా అనిపించలేదు. స్కూల్లో మతాల పాఠంలో దీనికి చెప్పే హిందూమతంలో త్రిమూర్తులు, దీపావళి, కర్మ ఉంటాయి. గోలు ఉండడు, వీసా బాలాజీ ఉండడు. అవి లేని హిందూమతం నాకు తెలియదు.

కటార్మల్‌లో మాత్రం కాసేపు మా ఆయనదే పైచేయి. అది దాదాపు 2,100 మీటర్ల ఎత్తున కత్యూరీ రాజులు కట్టించిన సూర్యదేవాలయం. తొమ్మిదో శతాబ్దపుదంటారు. పెద్ద గుడి చుట్టూ నలభైకి పైగా చిన్న గుళ్లు. శ్రీకాకుళం మనిషికి సూర్యుడి గుడి కనబడితే ఆగుతాడా? అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని ఉదయాల్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని మొదలుపెట్టాడు. పిల్లలు విన్నారు. ఇదే సంగతి అరసవల్లిలోనే చెప్పినప్పుడు ఎండకు కాళ్లు కాలుతున్నాయని గోల చేసినవాళ్లే.

ఆ గుడికి ఒకప్పుడు చెక్కిన కర్ర తలుపులు ఉండేవి. విగ్రహం దొంగతనం జరిగాక వాటిని ఢిల్లీలో నేషనల్ మ్యూజియానికి తరలించారు. "మంచిపనే, లేకపోతే అవీ పోయేవి" అన్నాను. పెద్దమ్మాయి వెంటనే, "మా ఇంగ్లండ్ మ్యూజియం వాళ్లు కూడా ఇదే అంటారు" అంది. మా, మీ అనే మాటలు దాని నోట్లో ఎప్పుడు ఎటు తిరుగుతాయో చెప్పలేం. కటార్మల్ తలుపుల విషయంలో అది కొండవాళ్ల పక్షం.

జాగేశ్వర్ గురించి ఎంత చెప్పినా తక్కువే. దేవదారు అడవి మధ్య ఏటి ఒడ్డున వందకు పైగా రాతి గుళ్లు. కొన్ని చిన్నోడి భుజం దాకా కూడా రావు. ద్వాదశ జ్యోతిర్లింగ స్తోత్రంలో శ్రీశైలం మనకు తెలిసిందే. అందులోనే "నాగేశం దారుకావనే" అని ఉంది, అది ఇదేనని ఇక్కడివాళ్ల మాట. ద్వారక దగ్గరి నాగేశ్వర్ వాళ్లూ, మహారాష్ట్రలో ఔంఢా నాగనాథ్ వాళ్లూ అదే అంటారు. ఏది నిజమని చిన్నోడు అడిగితే మా ఆయన ఫోన్ తీశాడు. నేను వద్దన్నాను. మూడు ఊళ్లు ఒకే పేరు మాదంటే మాదని వందల ఏళ్లుగా అంటున్నా ఏదీ మూతపడలేదు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మనం తీర్పు చెప్పాల్సిన పని లేదు.

ఆ దేవదారుల్లో కొన్నిటికి, రోడ్డు వెడల్పు కోసం నరకాలని, 2024లో గుర్తులు వేశారు. ఊరివాళ్లు అడ్డం తిరిగారు. ఇది విన్నాక మా పెద్దమ్మాయి గుళ్లకంటే చెట్లనే ఎక్కువసేపు చూసింది. నాకు అభ్యంతరం లేదు.

కసార్ దేవి గుడి దగ్గర కొంచెం గొడవైంది. వివేకానందుడు ధ్యానం చేసిన చోటు, తర్వాత బౌద్ధ గురువు లామా అనాగరిక గోవింద ఉన్న కొండ, ఆ వెనక హిప్పీలు వచ్చారు. ఇంత చరిత్ర చాలదన్నట్టు, ఇది వాన్ అలెన్ బెల్ట్ (భూమి చుట్టూ ఉండే రేడియేషన్ వలయం) మీద ఉందనీ నాసానే చెప్పిందనీ ప్రచారం. ఆ బెల్టులు భూమికి వందల, వేల కిలోమీటర్ల పైన ఉంటాయని పెద్దమ్మాయి గైడుతో వాదనకు దిగింది. మా ఆయన "పెద్దవాళ్లతో అలా మాట్లాడకూడదు" అన్నాడు. నేను అమ్మాయి వైపే ఉన్నాను. గొంతు తగ్గించమన్నాను గానీ వాదన మానమనలేదు. దేవుడికి దండం పెట్టించడానికి నాసా ఎందుకసలు?

మా పిల్లలకు అల్మోరాలో అసలైన ఆశ్చర్యం వేరే. మలేరియా దోమ గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్ 1857లో పుట్టింది ఈ ఊళ్లోనే. దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, మా సికింద్రాబాద్‌లో. 1899 నుంచి పాఠాలు చెప్పింది లివర్‌పూల్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో, దాని ముందు నుంచే మా బస్సు వెళ్తుంది. 1902లో నోబెల్. ప్రయోగం కోసం దోమలతో కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్‌కు దోమకో అణా ఇచ్చాడని చెబితే, "నోబెల్ ఆయనకి, అణాలు ఈయనకా?" అన్నాడు చిన్నోడు. గోలు దేవుడికి ఇంకో అర్జీ రాస్తానన్నాడు కూడా. తిరిగి చితయి వెళ్లే టైమ్ లేకపోయింది.

తిండిలో ఇబ్బంది పడలేదు. మడువా రొట్టె అంటే మన చోడిపిండి (రాగిపిండి) రొట్టే. నానమ్మ చేసిన చోడి అంబలి ముట్టని పిల్లలు దీన్ని నెయ్యీ బెల్లంతో లాగించారు. ఫోటో పంపితే అత్తగారు ఫోన్ చేసి, "ఇక్కడికొచ్చాక అదే చేస్తాను, తినకపోతే చెప్తా" అన్నారు. అంటే పరీక్ష సిలబస్ కొంచెం మారిందన్నమాట.

వెళ్లాలనుకునే వాళ్లకు ఒక మాట. ఏప్రిల్‌లో బిన్‌సర్ అడవిలో ఎర్రటి బురాన్ష్ పూలు ఉంటాయి గానీ గాలిలో మసక ఎక్కువ, నందాదేవి, త్రిశూల్ శిఖరాలు రోజూ కనిపించవు. మాకు తెల్లారగట్ల ఒకసారి కాసేపు కనబడ్డాయి. బాగా కనిపించేది అక్టోబరు, నవంబరుల్లో. కానీ ఇంగ్లండ్‌లో బడి రోజుల్లో పిల్లల్ని సెలవు పెట్టించి తిప్పితే ఒక్కో పిల్లకి, తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరికి 80 పౌండ్ల చొప్పున జరిమానా. మా ఇద్దరికీ ఇద్దరు పిల్లలకూ కలిపి 320. ఆ డబ్బుకు కుమావోన్‌లోనే ఇంకా పైనున్న మున్‌సియారీలో ఎన్ని రోజులుండొచ్చో మా ఆయన ఇప్పటికే లెక్కేసి పెట్టుకున్నాడు. నేనింకా ఒప్పుకోలేదు.