కట్టకు పోయిన కోడలి పాట

మన అనంతపురం ఆర్ట్స్ కాలేజీ లైబ్రరీలో అట్టతో పాటు మొదటి పేజీలు కూడా ఊడిపోయిన ఒక చారిత్రక నవల ఉండేది. ఎవరు రాశారో మాలో ఎవరికీ తెలీదు. 1565లో రాక్షసి తంగడి యుద్ధం పోయి, విజయనగర రాజులు పెనుకొండ చేరిన నాటి కథ. కత్తులు, కుట్రలు మామూలే. నన్ను పట్టుకున్నది నడుమ వచ్చే చిన్న పేరా. కోట కింద ఆడవాళ్లు కొర్రలు దంచుతూ, చెరువుకు బలైపోయిన చిన్న కోడలి పాట పాడుకుంటారు. ఒక్క చరణమూ ఇవ్వలేదు. కొత్త చెరువులో చుక్క నీరు పడలేదన్నది ఒక్కటే ఆనవాలు.

అనంతపురంలో చెరువుకు బలైన కోడలు ఎవరంటే ఇంకేం చెబుతారు, ముసలమ్మ! మా తెలుగు సారూ అదే అన్నారు. కట్టమంచి రామలింగారెడ్డి రాసిన ‘ముసలమ్మ మరణం’ చేతిలో పెట్టారు. 1899లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకుంటూ పోటీ కోసం రాసిన కావ్యమది. కథకు మూలం సి.పి. బ్రౌన్ అచ్చు వేయించిన అనంతపురం చరిత్ర.

ముసలమ్మ కథ జరిగిన బుక్కరాయసముద్రం మాకు సైకిల్ మీద పోయేంత దూరమే. పండమేరుకు అడ్డంగా బుక్కరాయల కాలంలో చిక్కప్ప ఒడయరు కట్టించాడని చెప్పుకునే చెరువు అది. వానలు పడి కట్ట తెగబోతే, బసిరెడ్డి చిన్న కోడలిని ఇస్తే నిలుస్తుందని దేవత పలికిందట. ఆమె మొగుణ్ణీ బిడ్డనూ వదిలి గండిలోకి నడిచింది. ముసలమ్మ కట్ట అనే పేరు ఇప్పటికీ ఉంది.

నాకు పేచీ అక్కడే వచ్చింది. ముసలమ్మను అడిగింది నిండి పొర్లుతున్న చెరువు. నవలలోది ఎండు చెరువు. “రచయితకు ఆ మాత్రం స్వేచ్ఛ ఉండదా?” అన్నారు సారు. మరువ పారే చెరువుకూ నెర్రెలిచ్చిన చెరువుకూ తేడా మన సీమలో చంటిపిల్లలకు కూడా తెలుసు కద సార్, అన్నాను.

జవాబు హాస్టల్లోనే ఉంది. నా రూమ్మేటుది మడకశిర వైపు, ఇంట్లో కన్నడం. నా గోల విని, “ఇది మా అమ్మ పాడే ‘కెరెగె హార’ కదరా” అన్నాడు. చెరువుకు కోడలిని బలిచ్చే కన్నడ జానపద పాట అది. దసరా సెలవులకు వాళ్లింటికి పోయి ఆమె నోటనే విన్నాను. మల్లనగౌడ చెరువు కట్టిస్తాడు, చుక్క నీరు పడదు. ఒక కోడలిని ఇవ్వాలని శాస్త్రం చెబుతుంది. పెద్ద కోడలు పోతే పెద్దరికం ఎవరు చూస్తారని చిన్నది భాగీరథి మీదికి తోస్తారు.

ఆమె పుట్టింటికి పోతుంది. ముఖం వాడిందేమని తండ్రి అడిగితే, అత్తమామలు వేరు పెడుతున్నారని అబద్ధం చెబుతుంది. నిజం చెప్పేది నేస్తం దగ్గర ఒక్కచోటే. దండులో ఉన్న మొగుడు సంగతి తెలిసి వచ్చి అదే చెరువులో దూకుతాడు. తండ్రితో ఆ అబద్ధం దగ్గర పాడుతున్న వాళ్లమ్మ గొంతు ఆగిపోయింది. మేమిద్దరం నేల చూపులు చూశాం. కావ్యం చదివినప్పుడు నాకు అంత బాధ కలగలేదు. ఆ మాట సారుతో అనే ధైర్యం మాత్రం అప్పట్లో లేదు.

నవలలోని పాట ఇదేనని నా నమ్మకం. ఎండు చెరువు, చిన్న కోడలు, రెండూ కుదిరాయి. పెనుకొండకు మడకశిర ఎంత దూరమని? ఆ సీమలో రెండు భాషలూ ఒకే రోకలికి పాడేవే.

సెలవులయ్యాక సారుకు అంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, “అయితే మీ నవలాకారుడు హిందూపురం వైపు మనిషై ఉంటాడు” అన్నారు. ఆ ఏడాది పరీక్షలో మాత్రం ముసలమ్మ మీదే ప్రశ్న ఇచ్చారు, పది మార్కులకు.