లక్స్ మీటరు చెప్పనిది

అద్దాల గోడల ఆఫీసుల్లో మధ్యాహ్నం కాగానే బ్లైండ్లు దించేసి, లైట్లు వేసుకొని పనిచేయడం బెంగళూరులో మామూలైపోయింది. వెలుగు కళ్లలో కొడుతోందని ఎవరైనా మొరపెట్టుకుంటే, మెయింటెనెన్స్ వారు బల్ల మీద లక్స్ మీటరు పెట్టి, 500 లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) చూపిస్తోంది కనుక లోపమేమీ లేదని తేల్చేస్తారు. ఆ అంకె నిజమే, కాని అది బల్ల మీద పడే వెలుతురు లెక్క. మనిషి చూపుకు ఎదురుగా ఏది ఎంత మెరుస్తోందో అందులో ఉండదు.

అందుకు కెమెరా కావాలి. కుర్చీ పక్కకు జరిపి, కూర్చున్న మనిషి కంటి ఎత్తున, ఎదుటి దృశ్యాన్నంతా ఒకేసారి పట్టే ఫిష్‌ఐ లెన్స్ కెమెరాను నిలబెట్టి, అపర్చరు, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్ కదపకుండా షట్టరు వేగం ఒక్కటే మారుస్తూ తీసిన ఫొటోలను మసక నుంచి మెరుపు దాకా అన్నీ పట్టే ఒకే హెచ్‌డీఆర్ చిత్రంగా కలిపితే, అందులోని ప్రతి పిక్సెలూ ఒక కొలత అవుతుంది. పడిన వెలుగుకు కెమెరా ఎలా స్పందిస్తుందో ఫొటోల నుంచే రాబట్టే ఒక పద్ధతిని డెబెవెక్, మాలిక్ అనే పరిశోధకులు 1997లో ప్రచురించారు. బూడిద రంగు గ్రే కార్డు మెరుపును, ఒక చిన్న చోటునే కొలిచే స్పాట్ మీటరుతో కొలిచి చిత్రాన్ని సరిచూసుకోవాలి, లెన్స్ అంచుల్లో తగ్గే వెలుగును సరిదిద్దాలి. వానాకాలంలో ఇదంతా ఓపికకు పరీక్షే, ఎందుకంటే ఫొటోల మధ్యలో ఒక్క మబ్బు అడ్డొచ్చినా మళ్లీ మొదటికి రావలసిందే.

నేను చూసిన ఒక ఆఫీసులో, కిటికీ పక్కన కూర్చునే కర్నూలు అమ్మాయి, "తూర్పు కిటికీలో మూడింటికి ఎండేమిటి అంటున్నారండీ" అని వాపోయింది. మెరుపు ఎంతో రంగుల్లో చూపే ఫాల్స్ కలర్ చిత్రంలో ఆకాశం ఆకుపచ్చగా, నిమ్మళంగానే ఉంది. ఎర్రగా మండుతున్నది ఎదుటి భవనపు పడమటి అద్దంలో ప్రతిఫలిస్తున్న సూర్యుడు. సూర్యుడి ప్రకాశం చదరపు మీటరుకు దాదాపు 160 కోట్ల క్యాండెలాలు (మెరుపు తీవ్రత యూనిట్) కనుక, అందులో పదో వంతే తిరిగొచ్చినా అతి వేగవంతమైన షట్టరుకు కూడా అది అందకపోవచ్చు. అందుకే లెన్స్ పక్కన నిలువుగా పట్టిన లక్స్ మీటరు అంకెను, చిత్రం నుంచి లెక్కగట్టిన అంకెతో పోల్చి చూస్తాను. చిత్రం తక్కువ చెబితే ఎక్కడో కెమెరాకు అందని వెలుగు లెక్కలోంచి జారిపోయిందన్నమాట.

పగటి వెలుగు మిరుమిట్లు ఎంత ఇబ్బంది పెడతాయో చెప్పేందుకు వీనోల్డ్, క్రిస్టోఫర్సన్ అనే పరిశోధకులు 2006లో ప్రతిపాదించిన డీజీపీ సూచిక ప్రకారం 0.35 లోపు ఉంటే మిరుమిట్లు తెలియవు, 0.45 దాటితే భరించలేము. ఆ కుర్చీ దగ్గర అది రెండో గీత దాటింది. కిటికీలన్నీ మూయనక్కర్లేదు, బల్లను కిటికీకి పక్కవాటుగా తిప్పి, ఆ ఒక్క పలకకు బ్లైండు దించితే చాలునని రాసిచ్చాను. అయితే ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా బెంగళూరులో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, మిగతా నెలల్లో దక్షిణంగా. ఆ మెరుపు కూడా దానితోపాటే జరుగుతుంది కనుక, డిసెంబరులో అదే కుర్చీ దగ్గర మళ్లీ ఫొటోలు తీయాలి.