స్టడీ సర్టిఫికెట్ కోసం మా హైస్కూలుకు తిరిగిన రోజులు

2022 డిసెంబరులో వెలువడిన గ్రూప్–4 ఉద్యోగాల ప్రకటనకు నేను దరఖాస్తు చేశాను. 2023 జూలై 1న పరీక్ష రాశాను. ఏడాది తిరిగేసరికి, 2024 జూన్‌లో, ధ్రువపత్రాల పరిశీలనకు పిలిచినవారి జాబితాలో నా హాల్‌టికెట్ నంబరు కనిపించింది. పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా, కుల ధ్రువపత్రం ఇంట్లో ఒకే ఫైలులో భద్రంగా ఉన్నాయి. లేనివల్లా ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివానో చెప్పే స్టడీ సర్టిఫికెట్లే. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో జిల్లా స్థాయి పోస్టుల్లో 95 శాతం స్థానిక అభ్యర్థులకే కేటాయిస్తారు. ఏ జిల్లాకు స్థానికులమన్నది ఈ ఏడు తరగతుల్లో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివామన్న దాన్ని బట్టి తేలుతుంది. అందువల్ల ఆ సర్టిఫికెట్లు లేకుండా నేను రాసిన పరీక్షకు ఫలితం దక్కదని నాకు స్పష్టంగా తెలుసు.

హైదరాబాద్ ఈశాన్య శివారులో, ఈసీఐఎల్ చౌరస్తాకు ఆవల ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను 2001 నుంచి 2006 వరకు ఆరు నుంచి పది చదివాను. అంతకుముందు ఐదు తరగతులూ రెండు వీధుల అవతల ఉన్న చిన్న ప్రాథమిక పాఠశాలలో చదివాను. ఆ బడి ఇప్పుడు లేదు. పిల్లలు తగ్గడంతో దాన్ని పక్క బడిలో కలిపేశారు.

మొదటిరోజు హైస్కూలు ఆఫీసు గదిలో అడిగిన తొలి ప్రశ్న, ‘అడ్మిషన్ నంబరు ఉందా?’ అని. అది టీసీ మీద ఉంటుంది. నా టీసీని ఇంటర్‌లో చేరినప్పుడు కాలేజీలో ఇచ్చేశాను, జిరాక్స్ తీసి పెట్టుకోలేదు. ఈ పనికి వెళ్లేవారు ఎవరైనా ముందుగా ఆ నంబరు సంపాదించుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. బడులు తెరిచిన కొత్త, అడ్మిషన్ల రద్దీ. నా కోసం రిజిస్టర్లు తిరగేసే తీరిక అక్కడ ఎవరికీ లేదు. మర్నాడు దరఖాస్తు రాసి తీసుకువెళ్లాక ప్రధానోపాధ్యాయురాలు బీరువా తీయించి, ఆఫీసు గదిలోనే కూర్చుని వెతుక్కోమన్నారు. ఆ రోజు మధ్యాహ్నం దాకా నేను ఆ రిజిస్టర్ల ముందే ఉన్నాను. నా పేరు దొరికిన తర్వాత కూడా లేవలేకపోయాను.

అడ్మిషన్ రిజిస్టరులో ఒక్కో విద్యార్థికి ఒక్కో వరుస ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వృత్తి, మాతృభాష, పుట్టినతేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, అంతకుముందు చదివిన బడి, పుట్టుమచ్చలు, బడి విడిచిన తేదీ ఇలా సాగుతుంది. పాత సంపుటాల్లో తండ్రి వృత్తి గడి నిండా వ్యవసాయం, కూలి, కల్లుగీత అని ఉంది. 1967లో ఈసీఐఎల్, 1971లో న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఇక్కడికి వచ్చాయి, ఆ తర్వాతి పేజీల్లో ‘కంపెనీ’ అన్న మాట మొదలై క్రమంగా కిందికి పాకింది. మాతృభాష గడిలో తెలుగు, ఉర్దూల పక్కన హిందీ, మరాఠీ చేరాయి. మా బ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీ, వాచ్‌మన్, లారీ డ్రైవర్. పూర్వపు బడి అన్నచోట మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల ఊళ్ల పేర్లు. మా ప్రాంతం పల్లె నుంచి శివారుగా, శివారు నుంచి నగరంగా మారిన తీరు ఇంత వివరంగా మరెక్కడైనా రాసి ఉంటుందని నేను అనుకోను.

ముద్రలు కూడా గమనించాను. మొదటి సంపుటాల్లో హైదరాబాద్ జిల్లా అని ఉంది. రంగారెడ్డి జిల్లా 1978 ఆగస్టు 15న ఏర్పడింది కాబట్టి ఆ తర్వాతి ముద్రలన్నీ రంగారెడ్డివి. 2016 అక్టోబరు నుంచి మేడ్చల్–మల్కాజిగిరి. బడి మాత్రం ఆ వేపచెట్టు పక్కనే, అదే స్థలంలో ఉంది.

నా వరుసలో ‘ఎడమ మోచేతి కింద ఒక పుట్టుమచ్చ’ అని నీలం సిరాతో రాసి ఉంది. చేరిన రోజు మా తెలుగు సారు నా చెయ్యి పట్టుకుని కిటికీ వెలుగులో తిప్పి చూసి ఆ మాట రాయడం నాకు గుర్తుంది. నా పైనా కిందా ఉన్న పేర్లు చదువుతుంటే ప్రార్థన వరుస కళ్లముందు నిలిచింది. ‘భారతదేశం నా మాతృభూమి’ అనే ప్రతిజ్ఞను మా తరగతిలో రోజుకొకరం చెప్పించేవాళ్లం. దాన్ని 1962లో రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది నల్లగొండ జిల్లా అన్నెపర్తి అని మా సారు చెప్పినప్పుడు, మన పక్క జిల్లాయనే కదా అని మేమంతా ఎంతో సంబరపడ్డాం. అప్పటికి హైస్కూళ్లలో మధ్యాహ్న భోజనం లేదు. టిఫిన్ డబ్బాలు తెచ్చుకుని బోరింగ్ దగ్గర చేతులు కడుక్కుని చెట్టు కింద పంచుకుని తినేవాళ్లం. స్వపరిపాలన దినోత్సవం నాడు పదో తరగతి వాళ్లం చీరలు కట్టుకుని చిన్న తరగతులకు పాఠాలు చెప్పాం. ఆ రోజు నాతోపాటు లెక్కలు చెప్పిన అమ్మాయి పేరుకు ఎదురుగా, ‘బడి విడిచిన తేదీ’ గడిలో, పరీక్షలకు రెండు నెలల ముందటి తేదీ ఉంది. ఆమెకు పెళ్లి చేశారు. ఆ గడి చూసినప్పుడు ఆఫీసు గదిలోనే నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఆరు, ఏడు తరగతుల సర్టిఫికెట్ ఆ సాయంత్రానికే సిద్ధమైంది. అయితే అందులో జిల్లా రంగారెడ్డి అని మాత్రమే రాశారు. పరిశీలనలో చిక్కు రాకుండా ‘అప్పటి రంగారెడ్డి, ప్రస్తుత మేడ్చల్–మల్కాజిగిరి’ అని రెండూ రాయమని కోరాను. వారు వెంటనే మార్చి ఇచ్చారు.

అసలు కష్టం ప్రాథమిక పాఠశాల దగ్గర ఎదురైంది. ఆ బడిని కలిపేసుకున్న బడికి వెళితే, మా ఏళ్ల రిజిస్టరుకు చెదలు పట్టిందని చూపించారు. నా పేరు ఉండవలసిన పేజీలు చేత్తో ముట్టుకుంటే పొడిగా రాలాయి. ఆధారం లేకుండా సంతకం పెట్టలేనని అక్కడి ప్రధానోపాధ్యాయుడు అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. కానీ వందల మంది పిల్లల బాల్యానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని తడిగోడకు ఆనించి వదిలేసిన తీరు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆరు, ఏడు కలిపితే రెండేళ్లే. నాకు నాలుగేళ్లు కావాలి. మండల విద్యాధికారి కార్యాలయానికి రెండుసార్లు వెళ్లాను, ఏదో ఒక ఆధారం తెమ్మన్నారు.

దారి చూపించింది హైస్కూలు అటెండరమ్మ. మేము చదివేటప్పుడు గంట కొట్టింది కూడా ఆమెనే. నా గోడు విని, ‘‘ఏ బ్యాచ్ బిడ్డా? ఆరులో చేరేటప్పుడు రికార్డ్ షీట్ ఇచ్చి ఉంటవ్ గదా, అవి నేనే కట్టలు గట్టి పెట్టిన’’ అన్నది. ప్రాథమిక బడి నుంచి హైస్కూలుకు వచ్చే పిల్లలకు టీసీకి బదులు రికార్డ్ షీట్ ఇస్తారు. ఏ తేదీన ఏ తరగతిలో చేరారో, ఎప్పుడు విడిచారో అందులో ఉంటుంది. దాన్ని చేర్చుకున్న బడి దాచిపెట్టాలి. బీరువా అడుగు అరలో, సుతిలితాడుతో కట్టి, పైన అట్టముక్క మీద సంవత్సరం రాసిన కట్టల్లో 2001 నాటిది దొరికింది. అందులో నా షీట్ ఉంది: ఒకటో తరగతిలో చేరిన తేదీ, ఐదు పూర్తయిన తేదీ, పాత ప్రధానోపాధ్యాయుడి సంతకం. ప్రధానోపాధ్యాయురాలు దాని నకలును ఆకుపచ్చ సిరాతో ధ్రువీకరించి ఇచ్చారు. దాని ఆధారంగా మూడో రోజుకు రెండో సర్టిఫికెట్ కూడా చేతికి వచ్చింది.

తర్వాతి శనివారం నేను కొత్త తాడు, అట్టలు, కలరా ఉండలు కొనుక్కుని మళ్లీ వెళ్లాను. అటెండరమ్మ, నేను కలిసి ఆ అరలోని కట్టలన్నీ విప్పి, దుమ్ము దులిపి, సంవత్సరాల వరుసలో తిరిగి కట్టాం. రెండు అట్టల మీద సంవత్సరం చెరిగిపోయి ఉంటే లోపలి తేదీలు చూసి స్కెచ్‌పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాశాను.