తమ్ముడి ఫోటో దాచుకున్న ముసుగు మనిషి

ఏడాదికి ఒకసారైనా మొదటి నుంచి చివరి దాకా వరుసగా వినకుండా ఉండలేని ఆల్బమ్‌లు నాకు చాలా తక్కువ. వాటిలో ఒకటి న్యూయార్క్ ర్యాపర్ ఎం.ఎఫ్. డూమ్ 1999లో తెచ్చిన ‘ఆపరేషన్: డూమ్స్‌డే’. అందులో 18వ పాటకు పేరు లేదు. పేరు ఉండవలసిన చోట ఒక ప్రశ్నార్థకం మాత్రమే ఉంటుంది. ఆ పాటలో ఆయన చనిపోయిన తన తమ్ముడితో నేరుగా మాట్లాడతాడు. మనిద్దరం కవలల్లా అన్నీ కలిసే చేసేవాళ్లమంటూ, కలిసి నమాజు చేయడం మొదలుకొని తోలు కోట్లు కొనుక్కోవడం దాకా గుర్తు చేసుకుంటాడు. చేతిలో పెద్ద కత్తి పట్టుకున్న నీ ఫోటో ఒకటి నా దగ్గర ఉంచుకున్నానని చెబుతాడు. అనుకున్నవన్నీ అనుకున్నట్టే జరుగుతున్నాయని, ఊరు వెళ్లిన తమ్ముడికి కబురు పెట్టినంత మామూలుగా అంటాడు. గొంతు ఎక్కడా వణకదు. వినేవాళ్లకు మాత్రం గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఆయన అసలు పేరు డానియెల్ డూమిలే. 1971లో లండన్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికాకు చేరి, న్యూయార్క్ పక్కన ఉన్న లాంగ్ ఐలాండ్‌లో పెరిగాడు. తనకంటే రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు సబ్‌రాక్‌తో కలిసి కె.ఎం.డి. అనే బృందం కట్టి, జెవ్ లవ్ ఎక్స్ అనే పేరుతో పాడేవాడు. 1991లో ఎలక్ట్రా అనే రికార్డు సంస్థ వారి మొదటి ఆల్బమ్‌ను విడుదల చేసింది. రెండో ఆల్బమ్ తయారవుతుండగా, 1993లో, పందొమ్మిదేళ్ల సబ్‌రాక్ రోడ్డు దాటుతూ కారు కింద పడి చనిపోయాడు. మిగిలిన పనిని అన్న ఒక్కడే పూర్తి చేశాడు. ఆ ఆల్బమ్ అట్ట మీద, నల్లజాతి వారిని వెక్కిరించడానికి ఒకప్పుడు గీసిన వికృతమైన బొమ్మ ఉరికి వేలాడుతూ ఉంటుంది. ఉరి తీసింది ఆ వెక్కిరింతనే అన్నది ఆయన ఉద్దేశం. దాని మీద రేగిన వివాదంతో సంస్థ 1994లో ఆల్బమ్‌ను ఆపేసి, ఆయనను కూడా వదిలించుకుంది. ఏడాది తిరిగే సరికి తమ్ముడూ లేడు, ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన పనీ బయటికి రాలేదు. ఆ తరువాత కొన్నేళ్ల పాటు ఆయన సంగీత లోకానికి కనిపించలేదు. మన్‌హాటన్ వీధుల్లో దాదాపు నిలువ నీడ లేకుండా తిరిగానని తరువాత తానే చెప్పుకున్నాడు.

మళ్లీ కనిపించినప్పుడు ముఖం చూపించలేదు. న్యూయార్క్‌లోని న్యూయొరికన్ పోయెట్స్ కెఫేలో, ఎవరైనా వచ్చి మైకు అందుకోగలిగే రాత్రుల్లో, ఆడవాళ్ల మేజోడును ముఖానికి తొడుక్కుని పాడాడు. కొంతకాలానికి ఆ మేజోడు స్థానంలో లోహపు ముసుగు వచ్చింది. మార్వెల్ కామిక్స్‌లో డాక్టర్ డూమ్ అనే ప్రతినాయకుడు ఉన్నాడు. ప్రయోగం వికటించి ముఖం చెడిపోగా, ఇనుప ముసుగు వేసుకుని లోకం మీద పగ పెంచుకున్నవాడు. ఈ ఆల్బమ్‌లో పాటల నడుమ ఆ డాక్టర్ డూమ్ కనిపించే పాత ఫెంటాస్టిక్ ఫోర్ కార్టూన్ల సంభాషణలు ముక్కలు ముక్కలుగా వస్తుంటాయి. మొదటిసారి విన్నప్పుడు అవి నాకు అడ్డుపుల్లల్లా తోచాయి. ఆ గాయపడ్డ ముఖం కథ ఎవరిదో తెలిసిన తరువాత వాటిని దాటవేయడం నాకు చేతకాలేదు.

అయితే ఆ ముసుగు పేరు ఆయన కామిక్స్ నుంచి మాత్రమే తెచ్చుకున్నది కాదు. డూమిలే అనే ఇంటిపేరులోనే డూమ్ ఉంది. ఈ సంగతి నాకు ఆల్బమ్ పేరు మోసే రెండో పాట పల్లవి దగ్గర వెలిగింది. తల్లి కడుపులో ఉన్ననాటి నుంచి తమ్ముడు వెళ్లిన చోటికి తానూ చేరేదాకా తనది ‘డూమ్స్‌డే’ (ప్రళయదినం) అన్న ఇదే మాటని, సమాధి రాతి మీద తన అసలు పేరుకు పైన చెక్కి ఉండేదీ ఇదేనని, ఒకవేళ ఆ రాతి మీద ఏమీ చెక్కకపోయినా ఎవరు చెప్పొచ్చారని ఆ పల్లవి సారం. అసలు పేరు అనడానికి అక్కడ ఆయన వాడిన మాట ‘గవర్నమెంట్’. వీధి భాషలో దానికి సర్టిఫికెట్లలో ఉండే పేరు అని అర్థం. ఇక ప్రాస చూడండి: డూమ్స్‌డే, టూమ్ విల్ సే, డూమిలే, హూజ్ టు సే. ఒక ‘ఊ’తో మొదలై ‘ఏ’తో ముగిసే నాలుగు పలుకులు. ప్రళయం, సమాధి, వంశం పేరు, జవాబు లేని ప్రశ్న ఒకే నాదంలో ఒదిగిపోయాయి. రెండో అక్షరం ప్రాస తప్పితే వృత్తపద్యం నిలవదని బడిలో నేర్చుకున్న మన చెవులకు ఈ పనితనం కొత్త కాదు. ప్రాస కోసం అర్థం ఎక్కడా వంగకపోవడం నన్ను ఎన్నిసార్లు విన్నా ఆశ్చర్యపరుస్తుంది.

ఆ మాటల కింద నడిచేది 1992లో గాయని షాడే పాడిన ‘కిస్ ఆఫ్ లైఫ్’ నుంచి తీసుకున్న మెత్తని స్వరం. సమాధి గురించి చెప్పే పల్లవికి ప్రేమపాట తునకను పరచడం ఈ ఆల్బమ్ అంతటా కనిపించే పద్ధతికి మంచి ఉదాహరణ. మరో పాటకు సంగీత నిర్మాత క్విన్సీ జోన్స్ 1981 నాటి ‘వన్ హండ్రెడ్ వేస్’ ఆధారం. పాత రికార్డులు తవ్వి, వాటి తునకలతో పాట కింద నడిచే సంగీతం (బీట్) కట్టే బీట్ మేకర్లు ఎవరూ వినని జాజ్ తునకల కోసం పోటీ పడుతున్న కాలంలో, ఈయన ఒకప్పుడు రేడియోలో అందరూ విన్న పాటలనే ఎంచుకుని, పెద్దగా మెరుగులు దిద్దకుండా, అతుకులు కనిపించేలా వాడుకున్నాడు. వింటుంటే పక్క గదిలో పాత టేపు రికార్డర్ మోగుతున్నట్టు, ఆయన మన పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

తోటి ర్యాపర్ ఎం.ఎఫ్. గ్రిమ్‌తో కలిసి పాడిన ‘టిక్, టిక్’ గురించి చెప్పకుండా ఉండలేను. అందులో బీట్ ఒక వేగంతో నడవదు. నెమ్మదిస్తుంది, ఉన్నట్టుండి పరుగెడుతుంది, మళ్లీ నీరసిస్తుంది. ఇద్దరూ ఆ తాళం వెంటే పదాలను సాగదీస్తూ, కుదిస్తూ, ఎక్కడా జారకుండా నడుస్తారు. తాళం నిలకడగా ఉండటమే ర్యాప్‌కు ఆధారమని అనుకునేవారు ఈ పాటను ఇయర్‌ఫోన్స్‌తో ఒకసారి వినాలి.

ఈ ఆల్బమ్‌ను విడుదల చేసినది రేడియో డీజే బాబిటో గార్సియా నడిపిన ఫాండిల్ ఎమ్ అనే చిన్న రికార్డు సంస్థ. ఖరీదైన వీడియోలతో, మెరిసే దుస్తులతో ర్యాప్ టీవీ నిండా వెలుగుతున్న ఆ రోజుల్లో, ముఖమే చూపించని మనిషి పాట ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందుతూ పాకింది. లోపాలు లేవని నేను అనను. అతిథులు పాడిన కొన్ని చరణాలు తేలిపోతాయి, ఆడవాళ్ల గురించి వచ్చే కొన్ని మాటలు నాకు నచ్చవు, కొన్నిచోట్ల గొంతు బీట్ కింద మునిగిపోతుంది. ఈ చివరిది మాత్రం ఇప్పుడు నాకు లోపంగా తోచడం లేదు.

డూమ్ 2020 అక్టోబర్ 31న, 49 ఏళ్ల వయసులో మరణించాడు. ఆ వార్త లోకానికి తెలిసింది రెండు నెలల తరువాత, డిసెంబర్ 31న. కొత్త సంవత్సరం రోజు ఉదయం నేను ఆల్బమ్ మొదటి నుంచి పెట్టాను. రెండో పాట పల్లవిలో, తమ్ముడు వెళ్లిన చోటికి తానూ చేరేదాకా అన్న చోట ఆపి, కాసేపు అలాగే కూర్చుని, తరువాత మిగిలిన పాటలన్నీ వరుసగా, ఆ ప్రశ్నార్థకం వచ్చేదాకా విన్నాను.