ఫోన్ నిండిపోయిన సద్దుల బతుకమ్మ

సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర మా నాయనమ్మ పాట అందుకోగానే వీడియో తీద్దామని ఫోన్ ఎత్తితే, స్టోరేజీ నిండిపోయిందన్న సందేశం కనిపించింది. ఏదో ఒకటి తుడిచేద్దామని వెతికేలోగా పాట అయిపోయింది.

ఆ రాత్రి కూర్చుని చూస్తే, 128 జీబీల ఫోన్‌లో నాకు కావలసినవి చాలా కొద్దిగానే ఉన్నాయి. ఒకే శుభోదయం బొమ్మ ఐదు వాట్సాప్ గ్రూపుల నుంచి ఐదుసార్లు వచ్చి చేరింది. వేయిస్తంభాల గుడి నంది ముందు చెల్లెలిని తీసిన ఫొటోలు 26 ఉండగా, వాటిలో మేము మళ్లీ తెరిచి చూసింది ఒక్కటే. ఎన్నడో కట్టేసిన కరెంటు బిల్లుల స్క్రీన్‌షాట్ల సంగతి సరేసరి.

గూగుల్ ఖాతాకు ఉచితంగా దక్కే 15 జీబీలను మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ పంచుకుంటాయి. నేను పోగేసిన ఈ చెత్త అందులోకి కూడా ఎక్కి, ఎక్కడో డేటా సెంటర్లో రాత్రింబవళ్లు నడిచే యంత్రాల చోటునూ, వాటిని చల్లబరిచే కరెంటునూ తింటున్నదని తలచుకుంటే నాకు నిజంగా బాధ కలిగింది. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్‌ను అప్పటికప్పుడే ఆపేశాను.

తుడుస్తూ పోతుంటే, ఏళ్ల క్రితం వాకిట్లో తంగేడు పూలు పేరుస్తూ నాయనమ్మ పాడిన 40 సెకన్ల ఆడియో బయటపడింది. అది ఒక్క ఎంబీ కూడా లేదు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఒకటి, బాపు ఫోన్‌లో ఒకటి దాచిపెట్టాను.