టరెట్ తిప్పడమా, గీత ఆనించడమా: ఆరో వారం

దూరం పెరిగేకొద్దీ తూటా కిందికి జారుతుంది. ఆ జారుడుకి సరిపడా రైఫిల్ స్కోప్ మీది టరెట్ (గురిని పైకీ కిందికీ జరిపే మరమీట) తిప్పాలా, లేక టరెట్ ముట్టుకోకుండా రెటికిల్‌లో (స్కోప్‌లో కనిపించే గురి గీతల్లో) కింది గీతని గురి మీద ఆనించాలా? వేటకు వెళ్ళేలోగా ఇది తేల్చుకోవాలని ఆరు వారాలుగా ఇనుప పలకల మీద రెండూ సాధన చేస్తున్నాను.

నాది .308 రైఫిల్, తూటా బరువు 168 గ్రెయిన్లు, 100 మీటర్లకు జీరో, అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే తూటా పడుతుంది. 300 మీటర్లకు 1.6 మిల్, 400కు 2.8 మిల్ పైకి కావాలి. మిల్ అనేది కోణం కొలత: ఒక మిల్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 300 దగ్గర 30. నా టరెట్‌కి క్లిక్కుకి 0.1 మిల్.

మొట్టమొదట టరెట్ నిజం చెబుతోందా అని చూశాను. 100 మీటర్ల దగ్గర పొడవాటి అట్ట నిలబెట్టి, దారానికి బరువు కట్టి వేలాడదీసి, దాని వెంట నిలువు గీత గీశాను. అట్ట అడుగున చుక్క పెట్టి మూడు తూటాలు కాల్చాను. 30 క్లిక్కులు పైకి తిప్పి, గురి అదే చుక్క మీద ఉంచి ఇంకో మూడు. మధ్య ఎడం 30 సెంటీమీటర్లు రావాలి, 29.5 వచ్చింది. 400 దగ్గర ఆ తేడా రెండు సెంటీమీటర్లకు మించదు కాబట్టి ఫరవాలేదు. తిరిగి సున్నాకి తెచ్చి కాలిస్తే మొదటి రంధ్రాల పక్కనే పడింది. ఈ పరీక్ష చేయకుండా ఎవరూ టరెట్‌ని నమ్ముకోవద్దు.

వేగంలో గీతదే పైచేయి. మూడు నాలుగు సెకన్లలో ట్రిగ్గర్ దాకా వచ్చేస్తాను, తిప్పితే పది దాటుతోంది. కానీ నాలుగో వారం ఆ గీతే నన్ను ముంచింది. నాది రెండో ఫోకల్ ప్లేన్ స్కోప్, అంటే జూమ్ మార్చినా గీతలు అంతే సైజులో కనిపించే రకం, కాబట్టి గీతల కొలత పూర్తి జూమ్ 12 దగ్గరే సరిపోతుంది. ఆ రోజు 6లో వదిలేశాను. జూమ్ సగమైతే గీతల మధ్య ఎడం రెట్టింపు కొలుస్తుంది, అంటే నేను 1.6 అనుకుని పట్టింది నిజానికి 3.2. తూటా 300 మీటర్ల పలక మీదుగా అర మీటరు ఎత్తున వెళ్ళి వెనక మట్టికట్టలో దుమ్ము లేపింది. పూర్తిగా తప్పితే పోనీ. అక్కడ జంతువే ఉండి, తూటా వెన్ను గీరి, అది గాయంతో పొదల్లోకి పారిపోయి ఉంటే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఐదో వారం టరెట్ వంతు. 400కు తిప్పింది మరిచిపోయి 200 పలకకు కాల్చాను, అదీ పైనుంచే పోయింది. ఇప్పుడు బోల్ట్ లాగక ముందే చెయ్యి టరెట్ మీదికి వెళ్ళి సున్నా తడుముతోంది.

నా నిర్ణయం: 300 లోపు గీతే, జూమ్ రింగు 12 దగ్గర టేపు చుట్టి. ఆ పైన, జంతువు నింపాదిగా మేస్తూ ఉంటేనే, టరెట్. గాలికి మాత్రం ఏ దూరమైనా గీతే, క్లిక్కులు లెక్కపెట్టేలోపే గాలి మారిపోతుంది. 400 దాటి కాల్చను. అంత దూరం చేరడానికి తూటాకి అర సెకను పైనే పడుతుంది, ఆలోపు జంతువు ఒక అడుగు వేయగలదు.

వచ్చే వారం 350 దగ్గర, పక్కగాలిలో.