పాత ఐప్యాడ్ ముందు పోయిన పరువు

నిన్న రాత్రే క్లయింటుకి వెబ్‌సైట్ అప్పగించాను. చిరాకు ఇంకా దిగలేదు.

డిజైన్ వారంలో అయిపోయింది. కోడ్‌లో తప్పులు పట్టే డబ్ల్యూ3సీ వాలిడేటర్‌లో పెడితే మూయడం మరిచిన ఒక డివ్ ట్యాగ్, రెండుచోట్ల వాడిన ఒకే ఐడీ దొరికాయి. అరగంట పని. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, మూడింట్లోనూ చక్కగా వచ్చింది.

డెమో రోజున వాళ్ల పెద్దాయన తన ఐప్యాడ్ బయటికి తీశాడు. ఐఓఎస్ 12 దగ్గరే ఆగిపోయిన పాతది. పైన మెనూలో మాటలన్నీ అతుక్కుపోయాయి. "హోమ్‌సేవలుసంప్రదించండి" అని ఆయన ఊపిరి తీసుకోకుండా చదివి, "ఇదేం భాషండీ?" అన్నాడు. గదంతా నవ్వులు.

"నా దగ్గర బాగానే వస్తోందండీ" అన్నాను. ఈ పనిలో ఇంతకంటే దండగ మాట లేదని తెలిసి కూడా నోరు జారింది. అంతటితో ఆగానా? "క్రోమ్‌లో తెరిచి చూడండి" అన్నాను. తెరిచాడు. అదే అతుకు. మూలన కూర్చున్న కుర్రాడు మెల్లగా, "ఐప్యాడ్‌లో క్రోమ్‌కి కూడా లోపల వెబ్‌కిట్టే కదా సార్" అన్నాడు. నిజమే. పైన పేరు మారుతుంది, ఇంజిన్ సఫారీదే. పదేళ్లుగా సైట్లు కడుతున్న నాకు ఆ మాట వేరొకరు చెప్పాల్సొచ్చింది.

తప్పు ఫ్లెక్స్‌బాక్స్‌లో, అంటే మెనూ మాటల్ని వరుసలో పేర్చే సీఎస్ఎస్ పద్ధతిలో, వాటి మధ్య ఖాళీ కోసం వాడిన గ్యాప్ ప్రాపర్టీది. సఫారీకి అది 2021లో, 14.1తో గానీ రాలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలుసు కాబట్టే ముందుగా, నీకు ఫలానాది వచ్చా అని బ్రౌజర్‌ని అడిగే సపోర్ట్స్ రూల్‌తో కాపలా పెట్టాను: గ్యాప్ రాని బ్రౌజర్ అయితే మార్జిన్ (ఒక్కో మాట చుట్టూ విడిగా ఇచ్చే ఖాళీ) వాడుకో అని. ఆ కాపలావాడే ముంచాడు. ఆ ఐప్యాడ్‌లోని సఫారీ 12కి గ్రిడ్‌లో, అంటే గళ్లలో పేర్చే ఇంకో పద్ధతిలో, గ్యాప్ వచ్చు. అందుకని అడగ్గానే "వచ్చు" అనేస్తుంది. ఫ్లెక్స్‌లో వచ్చా అని విడిగా అడిగే దారే లేదు. మ్యాక్ ఒకటి అరువు తెచ్చి, ఐప్యాడ్‌కి కేబుల్ పెట్టి ఇన్‌స్పెక్టర్‌లో చూస్తే గ్యాప్ లైను మీద, బ్రౌజర్‌కి తెలియనిదని చెప్పే కొట్టివేత కూడా లేదు. అమాయకంగా కూర్చుంది! రెండు రాత్రులు పోయాయి.

చివరికి తిరగేశాను. అందరికీ మార్జిన్లే, యాస్పెక్ట్ రేషియో (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి చెప్పే ప్రాపర్టీ) తెలిసిన బ్రౌజర్లకి మాత్రమే గ్యాప్. ఆ ప్రాపర్టీ సఫారీ 15లో వచ్చింది, అది తెలిసినదానికి ఫ్లెక్స్ గ్యాప్ కూడా తెలిసే ఉంటుంది. దొడ్డిదారే, కానీ పనిచేస్తోంది. ఇది పట్టుకోవడం అందరివల్లా కాదు, ఆ మాత్రం గొప్ప చెప్పుకోనివ్వండి.

ఒప్పందంలో "అన్ని బ్రౌజర్లలో పనిచేయాలి" అని ఉంటే సంతకం పెట్టకండి. ఏ బ్రౌజరు, ఏ వెర్షన్ దాకా అన్నది అంకెల్లో రాయించుకోండి. డెమోకి సొంత ఐప్యాడ్ తెచ్చే పెద్దాయనలుంటే రేటు కూడా పెంచండి.

నిన్న ఆయన అదే ఐప్యాడ్‌లో మెనూ చదివి, ఒక్కో మాట దగ్గరా ఆగి మరీ చదివి, తలూపాడు. వచ్చేటప్పుడు ఆ కుర్రాడి నంబరు అడిగి తీసుకున్నాను.